ఊగే పడవకు రెక్కలు

నాకు డోర్నకల్ స్టేషన్ దగ్గర వెల్డింగ్ షాపుంది. మా అక్క భర్త భూపాలపల్లి అవతల గోదావరిలో ఇనుప మోటారు పడవ నడుపుతాడు. ఎక్కినవాళ్ళు కాస్త కదిలితే చాలు, అది పక్కలకు ఒకటే ఊగేది. ఒకసారి బావ ఫోన్లో వీడియో చూపించాడు. సముద్రంలో పెద్ద పడవ. అడుగున రెండు పక్కలా రెక్కలు. అవే పడవను ఊగకుండా పట్టి ఉంచుతాయట.

"బామ్మర్దీ, నా పడవకు గిసొంటియి పెట్టు."

"బావా, బస్సు కిటికీలకెల్లి చెయ్యి పెడితే గాలి నూకుతది. బస్సు ఆగితే నూకుతదా? రెక్క గూడ గంతే. పడవ ఉరికితెనే పనిచేస్తది. నీదేమో పూలు ఇడిసెటోళ్ళ కోసం నది నడుమ ఆగుడే ఎక్కువ."

నాలుగుసార్లు చెప్పాను. వినలేదు సరికదా, అక్కతో కూడా ఫోన్ చేయించాడు. విసుగొచ్చి సామాను బండిలో వేసుకుని వెళ్ళి, రెండు రెక్కలు అతికించాను.

మొదటి ట్రిప్పులో నేనూ ఎక్కాను. వేగం అందుకోగానే పడవ నిజంగానే కుదురుగా పోయింది. బావ నావైపు చూసి మీసం తిప్పాడు. నది మధ్యలో ఇంజను ఆపాడు. ఒక అవ్వ పూలు వదలడానికి వంగింది. చూద్దామని అందరూ అదే పక్కకు లేచారు. పడవ అటు ఒరిగి, ఇటు ఒరిగింది. అవ్వ వచ్చి నా ఒళ్ళో పడింది.

"ఏందయ్యా గీ పడవ? పూలతోటి నన్ను గూడ పంపుతవా?" అని బావను కడిగేసింది.

బావేమో నావైపు తిరిగి, "నీ వెల్డింగే సక్కగ లేదు" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఒడ్డుకు రాగానే ఫోన్లో ఇంకో వీడియో చూపించాడు. పడవ లోపల బరువైన చక్రం గిరగిరా తిరుగుతూ, ఆగి ఉన్నా ఊగనివ్వదట.

"దాని బరువుకు నీ పడవల సగం మంది దిగాలె. దాన్ని తిప్పే కరెంటు యాడికెల్లి తెస్తవ్? ఇగనన్న నా మాట విను!"

రెక్కలు కోసేశాను. పడవ అడుగు వంపు తిరిగేచోట రెండు వైపులా పొడవాటి ఇనుప పట్టీలు, బయటికి పొడుచుకొచ్చేలా అతికించాను. పడవ ఊగాలంటే ఆ పట్టీలు నీళ్ళను నెట్టాలి. అందుకే ఆగి ఉన్నా ఊపు చచ్చిపోతుంది. మర్నాడు నది మధ్య ఆపి, ఇద్దరం పక్క నుంచి పక్కకు నడిచి చూశాం. ఊగింది, కానీ రెండు ఊపులకే నిమ్మళించింది.

సాయంత్రం ఎక్కినవాళ్ళతో బావ చెబుతున్నాడు: "మొత్తం నా ప్లానే. మా బామ్మర్ది వద్దు వద్దనే అన్నడు."

పోట్లాడే ఓపిక లేదు. జనాన్ని మాత్రం ఒకే పక్కకు లేవనీయొద్దని బావకు చెప్పి, బండి స్టార్ట్ చేశాను.