అతుకు దండి తంబూర

నా చిన్నప్పుడు మా అంగట్లో బేరం చెడిపోవడమంటే పొయ్యి మీది పాలు విరిగినంత పని. పొద్దుటి మొదటి బేరమైతే మరీను. బోణీకి వచ్చినవాళ్ళు వట్టి చేతులతో గడప దిగితే ఆ రోజంతా ఈగలు తోలుకోవలసిందేనని మావాళ్ళ గట్టి నమ్మకం. నాకు పదకొండేళ్ళు వచ్చేసరికే ఆ నమ్మకం ఒంటబట్టింది. గాజులవాడి దగ్గర నేను బేరం మొదలుపెడితే మా అమ్మే సిగ్గుపడి పక్కకు పోయేది.

కర్నూలు రాజధానిగా వెలిగిన ఆ కొద్ది ఏళ్ళ నాటి మాట ఇది. ఆత్మకూరులో మా తాతయ్యకు భజన సామాన్ల అంగడి ఉండేది. తాళాలు, చిరతలు, గజ్జెలు బయటి నుంచి తెచ్చి అమ్మేవాడు. తంబూరలు మాత్రం వెనక వసారాలో తనే చేసేవాడు. వాటిలో రెండు రకాలు. కుండా, దాని మీది పొడవాటి దండీ ఒకే మొద్దులో తొలిస్తే అది ఏకాండి. అంత పొడవు మొద్దు దొరకనప్పుడు కుండ వేరుగా, దండి వేరుగా చేసి బంకతో అతికించేవాడు. అది అతుకు దండి. పైన లక్క పూశాక రెండూ కవలపిల్లల్లా ఉండేవి, ధర అడిగేదాకా.

ఆ పొద్దున తాతయ్య ఉలులకు సాన పట్టించడానికి పోతూ నన్ను అంగట్లో కూర్చోబెట్టాడు. ఏకాండి ఒక్కటే మిగిలిందనీ, దాన్ని ఒక భజన గుంపుకు ఇస్తానని మాట ఇచ్చాననీ, ఎవరికీ అమ్మవద్దనీ చెప్పాడు. ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో ఒక అవ్వ వచ్చింది. ఊరూరా తిరిగి తత్వాలు పాడుకునే మనిషి. ఆమె పాత తంబూర బస్సు మీద విరిగిపోయిందట. మర్నాడు నందికొట్కూరులో తమ గురువు ఆరాధనకు పాడాలట. నేనేం చెప్పినా "యేందీ?" అని రెండుసార్లు చెప్పించుకుంది. వచ్చీ రాగానే గోడకున్న ఏకాండినే దింపమంది.

తీగ మీటి, దండి కొసను దవడకు ఆనించుకుని కళ్ళు మూసుకుంది. మూసుకున్న కళ్ళు ఎంతసేపటికీ తెరవదు. తంబూరకు ముద్దు పెడుతోందనుకుని నేను పావడ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను. చివరికి కళ్ళు తెరిచి, "ఇదే ఇయ్యి పాపా, శానా బాగుండాది" అంది.

మాట ఇచ్చిన సరుకు అమ్మకూడదు, బోణీ బేరం వదలకూడదు. రెండింటికీ సరిపోయే ఉపాయం నాకు ఇట్టే తట్టింది. గుడ్డలో చుట్టి తెస్తానని లోపలికి పోయి, ఏకాండిని మూల పెట్టి, అతుకు దండిని చుట్టి తెచ్చాను. అతుకు దండి ధరే తీసుకున్నాను కాబట్టి ఇది మోసం కిందికి రాదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. అంత తక్కువకు వచ్చిందని అవ్వ సంబరపడి, నా బుగ్గలు పుణికి దీవించి పోయింది.

తాతయ్య రాగానే, అవ్వ తంబూరను దవడకు ఆనించుకున్న వింతతో సహా, నా తెలివిని గొప్పగా వివరించాను. ఆయన తిట్టలేదు. ఆమెకు నీ మాటలు సరిగ్గా వినబడ్డాయా అని మాత్రం అడిగాడు. లేదన్నాను. ఏకాండి తెచ్చి, నా చెవుల్లో దూది కుక్కి, దండి కొసను నా దవడకు ఆనించి తీగ మీటాడు. బయట ఏ చప్పుడూ లేదు. దండిలోంచి మాత్రం నాదం నా ఎముకలోకి ఎక్కి, తలంతా నిండి, సాగి సాగి ఎప్పటికో సన్నగిల్లింది. తరువాత వసారాలో ఉన్న మరో అతుకు దండి పెట్టాడు. టంగుమంది, అంతే. మీటిన వేలు పక్కకు పోయేలోపే ఆగిపోయింది.

దూది తీసి, "తీగ పలుకుతాది మే, నిలబెట్టేది దండి. అతుకులో ఎంటికంత సందున్నా నాదం ఆడనే ఇంకిపోతాది. మనకు పెద్ద తేడా తెలీదు. ఆయమ్మకు దండే చెవి" అన్నాడు.

ఏకాండి భుజాన వేసుకుని తాతయ్యా, వెనక నేనూ బస్సులు ఆగే చోటికి పరుగెత్తాం. అవ్వ అక్కడే ఉంది. తీగ బిగించే బిరడా తిప్పుతుంది, మీటుతుంది, దవడకు ఆనించుకుంటుంది, మళ్ళీ తిప్పుతుంది. మమ్మల్ని చూడగానే ఆమె కళ్ళు నీళ్ళతో నిండాయి.

"పొద్దున మీ అంగట్లో బాగా ఇనపడె కదప్పా. ఇంతలోనే ఉన్న రవ్వంత ఇనికిడీ పోయినట్టుండాది. రేపు శ్రుతి యాడ పట్టుకునేది?"

తాతయ్య నా వైపు చూశాడు. నేను తల వంచుకుని నా తప్పు గొణిగాను. గొణిగితే ఆమెకేం వినబడుతుంది? "యేందీ?" అంది. ఇంకొంచెం గట్టిగా చెప్పాను. మళ్ళీ "యేందీ?" అంది. మూడోసారి గొంతు చించుకుని అరిచాను.

"అవ్వా, నీ చెవులు పోలేదు! నేనే వేరేది చుట్టిచ్చినా!"

బస్సు కోసం నిలబడ్డవాళ్ళంతా ఇటు తిరిగారు. సోడాబండి అతను, "ఏమప్పా, నీ మనవరాలు తన దొంగతనానికి తానే చాటింపేస్తాండాదే!" అన్నాడు. అవ్వ మాత్రం నా రెండు చేతులూ పట్టుకుని నవ్వింది. "అయితే నా చెవులు పోలేదా! బతికిచ్చినావు తల్లీ." తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

భజన గుంపుకు ఇంకోటి చేసిస్తానని తాతయ్య ఏకాండి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె తిరిగి ఆయన చేతిలోనే పెట్టింది. "వద్దప్పా. బోణీ సరుకు తిరిగొస్తే అంగడికి కీడు. పసిబిడ్డ చేత్తో ఇచ్చినది, నేను తిప్పియ్యను." అతుకు దండి తన దగ్గరే పెట్టుకుని ఇదీ ఊరికే తీసుకొమ్మని తాతయ్య చెప్పినా ఒప్పుకోలేదు. ఏ నమ్మకాన్ని సాకుగా పెట్టుకుని నేను ఆమెను మోసం చేశానో, అదే నమ్మకంతో ఆమె మా అంగడిని కాచింది. కనీసం బాగుచేసి ఇస్తానంటే సరేనని మా వెంట వచ్చింది.

అతుకు విప్పేసరికి లోపల సందు పూడ్చిన మైనం, గుడ్డ పీలిక బయటపడ్డాయి. అవి తాతయ్య చేతి పనే. ఆయన తలెత్తి మా ఎవరి వైపూ చూడలేదు. దండి మొదలును మళ్ళీ చెక్కి, చెక్కకు చెక్క ఒరుసుకునేలా కుండలోకి దిగ్గొట్టి, బంక పోసి తాళ్ళతో బిగించాడు. బంక కాచింది నేను. తెల్లవారాక తాళ్ళు విప్పి అవ్వ చేతికిచ్చాం. ఆమె మీటి, దవడకు ఆనించుకుంది. నేను ఆమె మొహమే చూస్తున్నాను. నిన్న ఏకాండికి మూసుకున్నంతసేపు ఆ కళ్ళు మూసుకుని ఉండలేదు. మధ్యలోనే తెరుచుకున్నాయి.

నా తల నిమిరి, "చాలు పాపా" అంది.

అంగట్లో పెరిగినదాన్ని, ఆ మాట ఎలాంటిదో నాకు తెలుసు. కోరుకున్నది దొరికినవాళ్ళు ఆ గొంతుతో చాలనరు. దొరికినదానితో సర్దుకునేవాళ్ళు అంటారు. పొద్దుటి బస్సుకు ఆమె వెళ్ళిపోయింది. తరువాత మా ఊరివైపు ఎన్నడూ రాలేదు.

బేరమాడే బుద్ధి నాకు ఈ వయసులోనూ పోలేదు. కాని అవతలి మనిషి గొంతు తగ్గించి "చాల్లేమ్మా" అంటే మాత్రం నా నోరు మూతపడుతుంది. నిజంగానే చాలుతుందా, సర్దుకుంటున్నావా అని నేనే అడుగుతాను. చాలామంది నవ్వేస్తారు. ఒక్కొక్కరు మాత్రం కాసేపు నా వంక చూస్తారు. ఆ కాసేపూ నేను పదకొండేళ్ళదాన్నే.