గోళ్లరంగు చుక్క ఉన్న టీవీ గేమ్

నా దగ్గర పదకొండు పాత టీవీ గేములు ఉన్నాయి. క్యాసెట్ వేసి ఆడేవి కావు, అంతకుముందు తరానివి. ఆట పెట్టెలోనే ఉంటుంది. అది తప్ప ఇంకో ఆట వేద్దామంటే కుదరదు. తీగ టీవీకి తగిలించి, ఇద్దరు చెరో బొత్తం తిప్పుతూ తెర మీద రెండు తెల్ల గీతల్ని పైకీ కిందికీ జరుపుకుంటూ, బంతిలాంటి ఒక చుక్కను అటూ ఇటూ కొట్టుకోవడమే. నేను కోవూరులో సైన్సు టీచర్ని. పిల్లలకు స్పీకర్ లోపలి అయస్కాంతం చూపిద్దామని ఒకసారి నెల్లూరు పాత సామాన్ల కొట్లో ఏదో పెట్టె కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే అది టీవీ గేమ్. విప్పి ముక్కలు చేయబుద్ధి కాలేదు. అలా పట్టుకుంది నాకీ పిచ్చి.

మా వీధికి చేపలు తెచ్చే అక్క ఊరు ఇందుకూరుపేట దాటాక సముద్రం ఒడ్డున. ఒక శనివారం పొద్దున నేను వరండాలో కూర్చుని ఒక పెట్టె బొత్తాలు తుడుస్తుంటే, ఆమె కానాగంత చేపలు తూయడం ఆపి దానికేసే చూసింది. అలాంటిది వాళ్ల ఇంట్లోనూ ఉందట. వాళ్లన్న ఓడలో వంటపని చేసిన రోజుల్లో సింగపూర్ నుంచి తెచ్చాడట. వదిన పోయాక ఎవరూ ముట్టుకోలేదట.

నా చెయ్యి ఆగిపోయింది. అమ్ముతారా అని అడిగేశాను.

"అమ్మడులే టీచరమ్మా. వచ్చి చూడు, చూస్తే ఏముండాది" అంది.

మరుసటి రోజు చర్చి నుంచి అటే వెళ్లాను. వాళ్లన్న చాపమీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. డెబ్భైకి దగ్గర పడిన మనిషి. నీటికాసుల జబ్బుతో కళ్లు పోయాయి. వెలుతురూ చీకటీ తెలుస్తాయి కానీ ఎదుట నిలబడితే మనిషి ఆనడు. పెట్టె బియ్యం డ్రమ్ములో, రెండు పాలిథిన్ కవర్లలో చుట్టి ఉంది. అయినా ఉప్పుగాలి లోపలికి పోనే పోయింది. సెల్లులు వేసే అరలో స్ప్రింగులు పచ్చగా చిలుము పట్టాయి. కొనే మాట నేను ఎత్తకముందే ఆయన అడిగాడు, బాగుచేయగలవా అని. చేస్తానన్నాను. పనిచేయించి ఇస్తే మనసు మార్చుకుంటాడేమో అన్న ఆశ కూడా లోపల లేకపోలేదు.

వారం పట్టింది. స్ప్రింగులు కొత్తవి వేశాను. ఊడిపోయిన రెండు తీగలు అతికించాను. బొత్తాల కింద పేరుకున్న మురికి కడిగాను. పాత పెట్టెను కొత్తదానిలా మెరిపించడం నాకు అలవాటు. స్పిరిట్‌లో ముంచిన దూదితో పైనంతా రుద్దుతుంటే దూది ఎర్రబడింది. కుడి బొత్తం మీద ఎర్రటి మరక ఒకటి, సగం పోయి, సగం మిగిలి ఉంది. వాసన చూశాను. గోళ్లరంగు. అది మరక కాదని, ఎవరో కావాలని పెట్టుకున్న చుక్క అని అప్పుడు తెలిసింది. దూది పక్కన పడేసి, మిగిలిన సగాన్ని ముట్టుకోకుండా వదిలేశాను.

తర్వాతి ఆదివారం పెట్టెతో పాటు నా చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ కూడా ఆటోలో వేసుకుని వెళ్లాను. ఇప్పటి టీవీలకు ఈ తీగ తగలదు. ఆయన పెట్టెను ఒళ్లో పెట్టుకుని అంతా తడిమాడు. కుడి బొత్తం దగ్గరకొచ్చేసరికి బొటనవేలు ఆగింది. అక్కడే రెండు మూడు సార్లు తిరిగింది.

నేనే చెప్పాను. మురికి అనుకుని తుడిచానని, చూసుకునేసరికి సగం పోయిందని.

అక్క నా వంక చూసి తల దించుకుంది. ఆయన వేలు ఆ చుక్క మీదే ఉంచి చెప్పుకొచ్చాడు. ఏ బొత్తం ఎవరిదని రోజూ పేచీ వచ్చేదట. ఆయన సముద్రం మీదికి పోయి వచ్చేలోపు భార్య ఆ చుక్క పెట్టేసి, ఇది నాదని తేల్చేసిందట. సెలవుకు వచ్చిన ప్రతిసారీ ఆమె చేతిలో ఓడిపోవడమే తన పని అట.

"మిగిలింది చాల్లేమ్మా" అన్నాడు చివరికి. "పెట్టు, ఆడదాం."

చుక్క ఉన్న వైపు ఆయనే తీసుకుని, ఒకప్పటి తన వైపు నాకిచ్చాడు. బంతి వేగం తగ్గించి, గీతల్ని పెద్దవి చేశాను. ఆ పెట్టెలకు స్పీకర్ లోపలే ఉంటుంది. కొడితే ఒక మోత, తెర అంచుల్లో గీసిన పై గోడకో కింద గోడకో తగిలితే ఇంకో మోత, తప్పిపోతే మూడోది. ఆయన తల ఒక పక్కకు వంచి వింటూ తిప్పుతున్నాడు. అక్క వెనక కూర్చుని పైకి, కిందికి అని చెబుతోంది. మొదట్లో అన్నీ తప్పాయి. నాకు జాలేసి రెండు బంతులు వదిలేశాను.

"వదిలిపెట్టబాకమ్మా" అన్నాడు. "నా ఇంటిది ఒక్కసారి కూడా వదిలిపెట్టలా."

ఆ తర్వాత వదల్లేదు. ఆ రోజు నాలుగు ఆటలూ నేనే గెలిచాను. ఆయన ముఖంలో మాత్రం ఓడిన మనిషి కనిపించలేదు. వచ్చేటప్పుడు పెట్టె అడగలేదు. టీవీ కూడా అక్కడే ఉంచి వచ్చాను. నా ఇంట్లో దాన్ని చూసేది నేనొక్కదాన్నే.

అప్పటినుంచి నెలకొకసారైనా వెళ్తున్నాను. మధ్యలో అన్నాచెల్లెళ్లు ఆడుకుంటున్నారట. నెమ్మదిగా అక్క చెప్పడం తగ్గింది, ఆయన కొట్టడం పెరిగింది.

పోయిన నెల మధ్యాహ్నం, ఆట మధ్యలో కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, తెర నల్లబడింది. నేను బొత్తం వదిలేయబోయాను. కానీ పెట్టె సెల్లులతో నడిచేది కదా, లోపల బంతి మోత వస్తూనే ఉంది.

"ఆట పోలేదుగా, ఆడు" అన్నాడు.

ఇప్పుడు ఇద్దరికీ ఆట కనపడదు. గోడ మోత విని ఎంత తిప్పాలో నాకు అంతు పట్టలేదు. నావి ఒకదాని వెంట ఒకటి తప్పాయి. ఆయన తిప్పుతున్నట్టు కూడా తెలియకుండా, వేళ్లతో కొద్దికొద్దిగా జరుపుతున్నాడు. ఎవరికెన్నో ఎలా తెలుస్తుందని అక్క అడిగింది.

"నేను కొట్టినాక తప్పు మోత వస్తే ఆమెది పోయినట్టు. ఆమె కొట్టినాక వస్తే నాది. ఇప్పుడు నాకు పద్నాలుగు, టీచరమ్మకు తొమ్మిది."

ఇంకో తప్పు మోత, ఈసారీ నాదే. పెట్టె నిశ్శబ్దమైంది. పదిహేనుతో ఆట ముగుస్తుంది. మేం ముగ్గురం చెమటలు కారుతూ కరెంటు కోసం చూశాం. కాసేపటికి కరెంటు వచ్చింది. తెర మెల్లగా వెలిగి, ఒక పక్క తొమ్మిది, ఒక పక్క పదిహేను చూపించింది. అక్క పెద్దగా చదివి వినిపించింది. ఆయన తల ఊపి, చెల్లెల్ని టీ పెట్టమన్నాడు.