ఒక్కపొద్దు నాటి షుగర్ మాత్ర

ఆ శనివారం పొద్దున క్లాసులో ఎంత గొప్పగా చెప్పానో! పావగడలో పీయూ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌ని, ఇంటర్ పిల్లలకు బయాలజీ చెబుతాను. కణంలో శక్తి నిండుగా ఉంటే ఆ శక్తే పోయి చక్కెరను విరగ్గొట్టే ఎంజైముకు అడ్డం పడుతుంది, తగ్గితే అడ్డం తొలగి ఎంజైము పనందుకుంటుంది, ఎవరూ చెప్పనక్కర్లేదు అన్నాను. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు.

క్లాసు అయ్యేసరికి ఫోన్. మా అమ్మ బలసముద్రం దగ్గర సోలార్ ప్లాంటులో గడ్డి కోసే కూలికి పోతుంది. అక్కడే పడిపోయిందన్నారు. బండి ఎలా తోలానో నాకే తెలియదు.

సోలార్ పలకల నీడలో పడుకోబెట్టారు. ఒళ్లంతా చెమట, పళ్లు గిట్టకరిచింది. మూర్ఛనుకుని చేతిలో తాళంచెవులు పెట్టారు. పక్కనే టీ ఫ్లాస్కు ఉంది.

"పడిపోకముందే కాస్త టీ అన్నా తాపకూడదా?" అని అరిచాను.

"ఒక్కపొద్దు ఉండాది కదప్పా, పొద్దు గూకకుండా ఎట్ల తాపుతాం?" అంది అమ్మతోపాటు కూలికి వచ్చే మా పక్కింటి అక్క. "పొద్దున షుగర్ మాత్ర ఒగటే మింగినాది."

మాత్ర మాననని డాక్టరుకు చెప్పింది, అన్నం మానతానని దేవుడికి మొక్కింది. ఇద్దరికీ మాట తప్పలేదు మా పిచ్చితల్లి. ఒక్కపొద్దు సంగతి మాత్రకేం తెలుసు? రక్తంలో ఉన్న కాస్త చక్కెరనూ దించేసింది, లివర్ దాచుకున్నదాన్నీ బయటికి రానివ్వలేదు. అమ్మ మెదడులో ఎంజైములన్నీ అడ్డం తొలగి కాచుకుని ఉంటాయి, విరగ్గొట్టడానికి చక్కెరే లేదు. పొద్దున నేను మెచ్చుకున్న ఏర్పాటు మీద నాకు ఒళ్లు మండిపోయింది.

ఇప్పుడు టీ పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎవరి సద్దిలోనో బెల్లంముక్క దొరికింది. అమ్మను పక్కకు తిప్పి, బెల్లం తడిపి చిగుళ్లకు రుద్దాను. అంబులెన్సు ఇంకా రాలేదు. చప్పరించమ్మా అని బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను, మళ్లీ రుద్దాను.

చాలాసేపటికి నాలుక కదిలింది. కళ్లు తెరిచి నన్ను గుర్తుపట్టింది. నోట్లో తీపి తగలగానే ఉమ్మేయబోయింది. గడ్డం పట్టుకుని ఆపాను.

"నీ ఉద్యోగం పర్మనెంటు కావాలని వరసగా శనివారాలు ఒక్కపొద్దుంటానని మొక్కుకున్నా గదరా," అని వెక్కివెక్కి ఏడ్చింది. "ఈ వారం లెక్కకు రాదు. మళ్లా మొదటి నుంచి పట్టాల."