మెడ మీద గీతలు

జమ్మికుంట మార్కెట్లో పత్తి కొనేవాడు మనుషులను తొందరగా నమ్మడు. బరువు కోసం బస్తా అడుగున నీళ్లు చల్లి తెచ్చేవాళ్లను నేను ముఖం చూసే పసిగట్టేవాణ్ణి. అదే చూపు ఇంటికీ తెచ్చుకున్నాను.

ఎనభైల్లో మా ఆవిడకు మెడలో గడ్డ లేచింది. క్యాన్సరన్నారు. హైదరాబాదు ఆస్పత్రిలో కరెంటు పెట్టడం మొదలుపెట్టారు. రేడియేషన్‌ను మా వైపు అందరూ అలాగే అనేవాళ్లు. ఎక్కడ పెట్టాలో తెలియడానికి మెడ మీద ఊదారంగు గీతలు గీసి, ఇవి చెరగకూడదు, తడి తగలకూడదు అన్నారు. వారమంతా ఆస్పత్రి దగ్గర అద్దె గదిలో ఉండి, శనివారం రైలెక్కి ఇంటికి వచ్చేవాళ్లం.

మొదటి సోమవారమే గీతలు సగం చెరిగి ఉన్నాయి. చెమటకు పోయి ఉంటాయంది మా ఆవిడ. తర్వాతి సోమవారం వెతికితే గానీ కనిపించలేదు. ఇంకోసారి ఇలా అయితే కొలతలన్నీ మళ్లీ తీయాలి, అప్పటిదాకా కరెంటు ఆపాలి, గడ్డ మాత్రం ఆగదు అని డాక్టరు నా మీద కేకలేశాడు.

అనుమానం నేరుగా మా వదినె మీదికి పోయింది. ఆమె మా ఆవిడకు అక్క. వండిపెట్టడానికి మెట్‌పల్లి నుంచి వచ్చి మా ఇంట్లో ఉంటోంది. ఆదిలాబాదు వైపు ఎవరో పసరు పూసి గడ్డలు కరిగిస్తాడని ఒకసారి ఆమె నోటే విన్నాను. ఇంకేం, ఆమె ఇచ్చిన ప్రతి గ్లాసూ వాసన చూశాను. రోలు కడిగి ఉంటే ఎందుకు కడిగావని అడిగాను. ఆమెకు సంగతి అర్థమై నాతో మాటలు మానేసింది. తప్పు చేసింది కాబట్టే మాట్లాడటం లేదని ఇంకా గట్టిగా నమ్మాను.

ఆ ఆదివారం మిల్లుకు పోతున్నానని చెప్పి, వీధి చివర దాకా వెళ్లి పెరటి దారిన తిరిగొచ్చాను. వదినె వాకిట్లో బియ్యం ఏరుతోంది. లోపల మా ఆవిడ అద్దం ముందు నిలబడి, పసుపు కొమ్ము కట్టిన తడి దారం మెడలో వేసుకుని, మెడకు పసుపు రాసుకుంటోంది.

కరెంటు పెట్టేటప్పుడు మెడలో ఏదీ ఉండకూడదని మొదటి రోజే పుస్తెలు తీయించారు. వాటిని సందుకులో పెట్టి తాళం వేసి నేను ఆ సంగతే మరిచిపోయాను.

చెరుపుతున్నది నువ్వేనా అని అడిగాను. ఆమె దారాన్ని గుప్పిట్లో పట్టుకుంది.

"వారమంత బోసి మెడతోని ఉంటున్న. ఇంటికొచ్చిన దినమన్న కట్టుకోనియ్యి. నేను బతికి, నీకేమన్నయితే? గా బతుకు నాకొద్దు."

కోపం వచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. సందుకు తెరిచి పుస్తెలతాడు తీసి నా మెడలోనే వేసుకుని, చొక్కా గుండీలు పెట్టుకున్నాను.

"నీకు నయమయ్యేదాక గివి నా మెడల ఉంటయి. నాకేం కాదు. నువ్వు గా గీతలు చూస్కో."

ఆమె దారం తీసి నా చేతిలో పెట్టింది. గీతలు ఇంకా కాస్త మిగిలే ఉన్నాయి. సోమవారం వాటి మీదే దిద్దారు, కరెంటు ఆగలేదు.

అప్పటి నుంచి రోజూ, కరెంటుకు లోపలికి పిలవగానే ముందు నా కాలరు పక్కకు లాగి చూసేది. ఉన్నాయని నేను చెబితే వినేది కాదు. వేలితో తడిమి చూసుకున్నాకే నడిచేది.