వీడియో కాల్లో అప్పగింతలు

ఆ రోజుల్లో మా ఇళ్లల్లో జబ్బులకి కూడా మర్యాదలుండేవి. జ్వరమొస్తే వీధంతా చెప్పుకోవచ్చు. పచ్చకామెర్లయితే పసరు మందు ఎక్కడ పోస్తారో నలుగుర్నీ అడగొచ్చు. కాలు విరిగితే చూడ్డానికొచ్చినవాళ్లకి కాఫీలిచ్చి మరీ కబుర్లు చెప్పుకోవచ్చు. ఆయాసం మాత్రం అలా కాదు. అందులోనూ పెళ్లి కావలసిన పిల్లకి ఆయాసమంటే అది జబ్బు కాదు, ఇంటి రహస్యం. ఆ రహస్యం నాకు చిన్నప్పట్నుంచీ ఉంది. మాది బుచ్చయ్యపేట వైపు పల్లె. నాన్నకి చెరుకు తోట, తోట పక్కనే బెల్లం వండే పొయ్యి. చలికాలం రాగానే పొయ్యి మీద పెనం ఎక్కేది, పొగ లేచేది, నా గుండెల్లో పిల్లికూతలు మొదలయ్యేవి. (ఊళ్లో మిగతా పిల్లలకి ఆ వాసనకి నోట్లో నీళ్లూరేవి. నాకు మందు పీల్చే గొట్టం గుర్తొచ్చేది.) ఎవరైనా "పిల్ల అలా రొప్పుతోందేమిటి?" అనడిగితే అమ్మ చటుక్కున "ఏం లేదండీ, పరిగెత్తి వచ్చింది" అనేసేది. అలా ఎక్కడికీ పరిగెత్తకుండానే ఎప్పుడూ పరిగెత్తి వచ్చే పిల్లగా ఊళ్లో పేరు తెచ్చుకున్నాను.

చెరుకాట, అంటే చెరుకు గానుగాడి బెల్లం వండే పని, మొదలవగానే నన్ను పొగకి దూరంగా అనకాపల్లి టౌన్లో మావయ్య ఇంటికి పంపేసేవారు. అక్కడ అమ్మమ్మ ఉండేది. గుండెల మీద ఆముదం రాసి, వాము వేయించి మూట కట్టి కాపడం పెట్టి, నన్ను తన ఒళ్లోకి ఆనించుకుని కూర్చోబెట్టేది. మధ్యమధ్యలో వీపు మీద చెవి పెట్టి వినేది. నా ఊపిరి ఏ రోజు ఎలా ఉందో నాకన్నా ముందు ఆవిడకే తెలిసేది.

అలాంటి నాకు జర్మనీలో ఎమ్మెస్సీ సీటొచ్చింది. (ఆహార పదార్థాల నిల్వ గురించిన చదువు. "బెల్లం నిలవెట్టడం నేర్సుకోడానికి జర్మనీ దాకా ఎందుకే?" అని మా ఊళ్లో అందరూ అడిగారు. నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.) నిజం చెప్పాలంటే నాకు చదువు మీద ఎంత ఆశ ఉందో, పొగలేని ఊళ్లో ఒక్క చలికాలమైనా గడపాలని అంత ఆశ ఉంది. వీసా ఇంటర్వ్యూ దగ్గర పడింది. అక్కడికి చదువుకోడానికి వెళ్లే పిల్లలు ఆరోగ్య బీమా ఏర్పాటయినట్టు కాగితం చూపించాలి, అది లేకపోతే వీసా లేదు. మిగిలింది అదొక్కటే కదా, సులువే అనుకున్నాను. మావయ్య చెవిన పడేదాకా నిజంగా సులువే.

మావయ్య టౌన్లో జీవిత బీమా ఏజెంటు. ఆయన చేతిలో ఫారం పడిందంటే ఆరోగ్యం గురించి ఎన్ని ప్రశ్నలున్నా అన్నిటికీ ఒకటే జవాబు, నిల్. గుండెజబ్బా? నిల్. షుగరా? నిల్. ఆపరేషనా? నిల్. (ఒకసారి ఎవరో తాతకి కట్టుడు పళ్లున్నాయా అంటే కూడా నిల్ అని రాశాడట. ఆ తాత ఎదురుగా కూర్చుని ఆ పళ్లే తీసి గ్లాసులో కడుక్కుంటున్నాడట.) అందుకే చుట్టాలందరికీ ఆయన నిల్ మావయ్య.

"సూడమ్మా," అన్నాడు నన్ను కూర్చోబెట్టి, "బీమావోళ్లకీ పెళ్లికొడుకు తరపోళ్లకీ తేడా నేదు. ఇద్దరూ లోపం కోసమే వత్తారు. ఆయాసం అన్నావనుకో, నీ బీమా పోయింది, వీసా పోయింది, సీటు పోయింది. నువ్వు నవ్వుతా కూకో. మాటలు నేను సూసుకుంటాను."

నాకు ఆ రాత్రి నుంచి అన్నం సహించలేదు. బీమావాళ్లు ఫోన్లోంచే నా గుండెల్లోకి చూసేస్తారేమో అని భయం. రెండ్రోజులకి ఫోనొచ్చింది. మన పిల్లలకి జర్మనీలో బీమా ఏర్పాటు చేసే ఆఫీసు నుంచి, అక్కడే స్థిరపడిన ఒక తెలుగు మేడమ్. ఆదివారం వీడియో కాల్లో మాట్లాడతాను, అమ్మాయి ఒక్కతే ఉంటే చాలు అంది. "ఒక్కతే ఉంటే సాలంట!" అని మావయ్య నవ్విన నవ్వు, పెళ్లిచూపుల్లో పిల్లతో విడిగా మాట్లాడాలన్నవాణ్ణి చూసి నవ్వే నవ్వు.

ఆదివారం పొద్దున్నే అమ్మా నాన్నా ఊర్నించి దిగిపోయారు. అత్త బీరువాలోంచి తన గులాబీరంగు పట్టుచీర తీసింది. బీమాకి పట్టుచీరెందుకత్తా అంటే, "నీరసంగా కనిపిత్తన్నావే. ఈ రంగైతే మొకం ఎలుగొత్తాది" అంది. జడలో పూలు పెట్టింది. అంతటితో ఊరుకోక, ఇలాంటి రోజున నూనెలో ఏదో ఒకటి వేగకపోతే బాగోదని మిరపకాయ బజ్జీలకి పిండి కలిపింది. (అవి జర్మనీలో ఉన్న మేడమ్‌కి ఎలా పెడుతుందో ఎవరూ అడగలేదు.) అమ్మమ్మకి నోరాగదు కాబట్టి, "అమ్మా, నువ్వు వంటింట్లోంచి కదలకు" అని మావయ్య గట్టిగా చెప్పాడు.

"ఎవురు బాబూ ఆవిడ?" అని అమ్మమ్మ నాన్ననడిగింది.

"ఆ దేశంలో పిల్లకి ఒంట్లో బాగోపోతే ఆస్పత్రి ఏర్పాట్లన్నీ ఆవిడోళ్లవే అత్తా," అన్నాడు నాన్న.

"ఓహో," అని అమ్మమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ ఓహోలో ఎంత ఉందో అప్పుడు మాకెవరికీ తట్టలేదు.

ఫోన్ నిలబెట్టడానికి నాన్న తెచ్చిన బెల్లం దిమ్మ దొరికింది. దానికి ఆనించి నేను ఎదురుగా కూర్చున్నాను. మావయ్య తెరలో పడకుండా నా పక్కనే, అమ్మా నాన్నా గోడవార. మేడమ్ కనిపించింది. కళ్లజోడు, నెరిసిన జుట్టు, మంచి నవ్వు.

"పాస్‌పోర్టులో ఉన్నట్టు నీ పేరు చెప్పమ్మా."

నేను నోరు తెరిచేలోపే పక్కనించి మావయ్య, "ఏ జబ్బూ లేదండీ!" అన్నాడు.

"సరేనండీ. డిగ్రీ ఎక్కడ చదివావమ్మా?"

"అనకాపల్లేనండి," అన్నాడు మళ్లీ మావయ్యే. "ఒక్కరోజు కూడా కాలేజీ మానలేదండి." (హాజరు చాలకపోతే ప్రిన్సిపాల్ కాళ్లావేళ్లా పడి నాచేత పరీక్ష రాయించింది ఈయనే.)

"ఇక్కడ హాస్టల్ అడ్రస్ వచ్చిందా?"

"తుమ్ము కూడా తుమ్మదండి!"

"అయ్యా, నేను ఆరోగ్యం సంగతి అడగలేదండీ."

"అడిగినా అదే సెప్తామండి," అన్నాడు మావయ్య ధీమాగా.

సరిగ్గా అప్పుడు వంటింట్లో నూనె కాగి పొగలెత్తింది. మిరపకాయ ఒకటి గింజల్తో సహా పేలిందనుకుంటాను, ఘాటు హాల్లోకి వచ్చేసింది. నాకు గొంతులో గీర మొదలైంది. దగ్గకూడదని ఊపిరి బిగబట్టాను. బిగబట్టిన కొద్దీ లోపల పిల్లికూతలు. మొహం నా పట్టుచీర రంగులోకి వచ్చింది, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అమ్మాయి బాగానే ఉందా?" అంది మేడమ్ కంగారుగా.

"సిగ్గండీ!" అన్నాడు మావయ్య.

ఇక నా వల్ల కాలేదు. దగ్గు తెర వచ్చి వంగిపోయాను. ఆ దగ్గు వంటింట్లోకి వినబడింది. అమ్మమ్మ గరిటె పక్కన పడేసి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన చతికిలబడింది. నా వీపు నిమిరింది. బెల్లం దిమ్మ మీంచి ఫోన్ అందుకుంది. (తర్వాత మేడమ్ చెప్పింది, తనకి కనిపించింది అమ్మమ్మ ముక్కుపుడక ఒక్కటేనట.) నా కుడిచెయ్యి పట్టుకుని ఆ తెర మీద పెట్టింది.

"అమ్మా, నీ సేతుల్లో పెడతన్నాను," అంది. "దీనికి సిన్నప్పుట్నుంచీ ఆయాసం తల్లీ. పొగ పడదు, దుమ్ము పడదు, సల్లగాలి తగిల్తే పిల్లికూతలొత్తాయి. రేతిరి దుప్పటి తన్నేత్తాది. ఆకలేత్తే నోరిప్పి అడగదు. ఒంట్లో ఎలగుందంటే బాగున్నానంటాది, నువ్వు నమ్మకు. ఈపు మీద సెవి పెట్టి ఇను. కీసుమన్నాదంటే కూకోబెట్టు, పడుకోబెట్టకు. సల్లగా సూసుకో తల్లీ, అపురూపంగా పెంచేం."

అప్పటికే అమ్మ ఏడుపు మొదలెట్టేసింది. అప్పగింతల్లో ఒకరు మొదలుపెడితే ఆగడం మా ఇళ్లల్లో ఎవరి వల్లా కాదు. నాన్న తువ్వాలు తీసుకున్నాడు. చేతిలో జల్లిగరిటెతో అత్త గుమ్మంలో నిలబడి ముక్కు చీదింది. పట్టుచీర, పూలు, ఏడుపులు, పొగ. ఒక్క మేళమే తక్కువ. మావయ్య అమ్మమ్మ చేతిలోంచి ఫోన్ లాక్కుని, "సిగ్నల్ పోయిందండీ!" అని అరిచి, ఎర్ర బొత్తాం నొక్కేశాడు.

"ఎంత పని సేసేవే అమ్మా!" అని తల పట్టుకున్నాడు. "దాయమని సెప్పేను కాదా!"

అమ్మమ్మ కదల్లేదు. "పెళ్లిసూపుల కాడ దాసేరంటే సరే. పంపేసినప్పుడు కూడా దాత్తారేట్రా? మనం సెప్పకపోతే ఆవిడకెలగ తెలుత్తాది?"

"ఇది పెళ్లి కాదే, బీమా!"

"ఏటైతేనేటి? పిల్ల మన కళ్లెదట్నుంచి ఎల్తంది కాదా?"

నేను గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను. అంతా అయిపోయింది. సీటు, వీసా, పొగలేని చలికాలం, అన్నీ ఆ ఎర్ర బొత్తాంతో పోయాయి. అమ్మమ్మ మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. తలుపవతల నుంచి "బజ్జీలు సల్లారిపోతన్నాయే" అంటే పలకలేదు. వాటి ఘాటే కదా నా కొంప ముంచింది అనుకున్నాను.

ఫోన్ మళ్లీ మోగింది. ఎవరూ ఎత్తడానికి సాహసించలేదు. చివరికి నేనే వచ్చి ఎత్తాను. (బెల్లం దిమ్మ మీంచి చీమలు అప్పటికే పక్కన పడేసిన దానిమీదకి బారు కట్టేశాయి.) మేడమ్ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటోంది.

"కాల్ కట్ అయిపోయిందమ్మా. అమ్మమ్మగారున్నారా? మళ్లీ పిలు." అందరం మళ్లీ చేరాం. "చూడండి, ఇక్కడ విద్యార్థులకిచ్చే ఈ బీమాకి పాత జబ్బులు అడ్డు కాదు. నేను కాల్ చేసింది పేరూ అడ్రసూ సరిచూసుకోడానికే. జబ్బు సంగతి నేను అడగనే అడగను. కానీ చెప్పి మంచి పని చేశారు. అక్కడ చూసే డాక్టరు చేత ఏ మందులు వాడుతోందో రాయించి పంపండి. దిగగానే, చలి రాకముందే ఇక్కడ డాక్టర్ని కలవాలి."

మావయ్య నెమ్మదిగా తెర ముందుకి వచ్చాడు. "అంటే... ఉన్నాదని సెప్పినా బీమా ఇత్తారాండీ?"

"ఇస్తారండీ."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. జీవితమంతా నిల్ అని రాసిన మనిషి ఆ మాట మింగడానికి ఒక బజ్జీ, గ్లాసుడు మంచినీళ్లు పట్టాయి.

మేడమ్ అమ్మమ్మతో అంది. "అమ్మా, నేనుండే ఊరు వేరు. మీ పిల్ల వీపు మీద చెవి పెట్టడానికి నేను పక్కన ఉండలేను. మీరు చెప్పినవన్నీ డాక్టర్లకి తనే చెప్పుకోవాలి."

అమ్మమ్మ నా వైపు తిరిగింది. "ఇన్నావా?" అంది. అంతే. నేను ఆవిడ పక్కన కూర్చుని చల్లారిన బజ్జీలు తిన్నాను.

కాగితం వచ్చింది, వీసా వచ్చింది, వెళ్లాను. ఆ ఊళ్లో పొగ లేదు, దానికి బదులు ఎముకలు కొరికే చలి ఉంది. మొదటిసారి డాక్టరు దగ్గరికెళ్లినప్పుడు ఎలా ఉన్నావని ఆయన అడగ్గానే, అలవాటు కొద్దీ, "చాలా బాగున్నాను" అన్నాను. ఆ మాటల మధ్య నా గుండెల్లోంచి వచ్చిన కూత గుమ్మం దాకా వినిపించి ఉంటుంది. ఆయన కలం పక్కన పెట్టి నన్నే చూశాడు. అప్పుడు అమ్మమ్మ మాట గుర్తొచ్చింది, "నువ్వు నమ్మకు". సిగ్గు విడిచి వచ్చీరాని జర్మన్‌లో అప్పగింతలు మొత్తం అప్పజెప్పాను. పొగ, దుమ్ము, చల్లగాలి. కంగారులో దుప్పటి తన్నేసే సంగతి కూడా చెప్పేశాను. ఆయన అదీ రాసుకున్నాడు. ఆ చలికాలం నేను హాయిగా ఊపిరి పీల్చాను.

చదువయ్యాక తిరిగొచ్చేశాను. ఇప్పుడు అనకాపల్లిలోనే ఉంటూ, ఆ మేడమ్ ఆఫీసుకే ఇంట్లోంచి పని చేస్తున్నాను. మేడమ్ రిటైరయ్యారు. అమ్మమ్మ లేదు. నాకూ కళ్లజోడొచ్చింది, జుట్టు నెరుస్తోంది. వీడియో కాల్లో తెరకి పక్కనించి "ఏ జబ్బూ లేదండీ" అనే గొంతు వినబడితే నాకు నవ్వొస్తుంది. అప్పుడు నేను, ఇంట్లో పెద్దవాళ్లుంటే ఒకసారి పిలవండి అంటాను. ఇది నా ఉద్యోగంలో భాగం కాదు.

మొన్న గొలుగొండ వైపు కుర్రాడొకడు. తండ్రి అన్నిటికీ నిల్ అన్నాడు. వాళ్ల మామ్మ వచ్చి కూర్చుని, వాడికి ఏ కూర పడదో, ఏ మాత్ర వేస్తే దద్దుర్లొస్తాయో, కోపమొస్తే అన్నం ఎలా మానేస్తాడో అన్నీ చెప్పింది. నేను శ్రద్ధగా వింటున్నాను. ఊరవతల చెరుకాట మొదలైంది, గాలివాటుకి కిటికీలోంచి సన్నగా పొగ వాసన. మామ్మ మాట మధ్యలో ఆపి తెరకి దగ్గరగా చెవి పెట్టింది.

"అమ్మా, నీకూ ఆయాసం ఉన్నాదేటి? నువ్వు మాటాడుతుంటే పిల్లికూత ఇనిపిత్తంది."

కుర్చీలోంచి కదలకుండానే, "అబ్బే, ఏం లేదు మామ్మా. పరిగెత్తి వచ్చాను," అన్నాను.

ఆవిడ నమ్మలేదు. మా అమ్మమ్మ ముందే చెప్పి ఉంచినట్టు.