ఆగిన చోటల్లా ఇంజన్ బంద్ చేసిన మనిషి

మొన్న మంగళవారం పొద్దున కోరుట్ల నుంచి ఫోన్ వచ్చింది. ఒకప్పటి మా బస్సు డ్రైవర్ కాక పోయాడని వాళ్ల బిడ్డ చెప్పింది. ఊపిరితిత్తులు పూర్తిగా చెడిపోయాయట. రోజుకు ఎన్ని బీడీలు తాగుతాడని పెద్ద డాక్టరు అడిగాడట. కాక భార్య, మా చిన్నమ్మ, బీడీలు చేసి సంసారం లాగిన ఇల్లే అది, కానీ కాక జన్మలో ఒక్క బీడీ నోట్లో పెట్టలేదు. ఆ సంగతి చెప్పినా డాక్టరు నమ్మలేదని ఆమె ఏడ్చింది. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

నేను సిరిసిల్ల వాణ్ని. మగ్గం వదిలి కండక్టర్‌గా చేరిన కొత్తలో, జగిత్యాల నుంచి బీర్పూర్ పోయే ఆయన బస్సు మీద వేశారు. డ్రైవర్లను అందరూ అన్నా అనేవాళ్లు. ఆ దారిలో అప్పట్లో అన్నలంటే అడవిలోని దళం వాళ్లే. బస్సులో అన్నా అని కేకేస్తే పాసింజర్లు బిక్కచచ్చిపోయేవాళ్లు. అందుకని నేను బాబాయిని పిలిచినట్టు కాక అన్నాను, అదే నిలిచిపోయింది.

రోజూ బస్సు స్టార్ట్ చేసి, దిగి వెనక్కి పోయి, పొగగొట్టం మూతి దగ్గర తెల్ల రుమాలు పట్టేవాడు. రుమాలు మరీ నల్లబడితే బస్సు గేటు దాటేది కాదు. మెకానిక్‌లు ఆయన్ను చూసి టీ కొట్టుకు పారిపోయేవాళ్లు. ఆ రుమాళ్లు ఉతకలేక చిన్నమ్మ, మీ కాక బస్సు నడుపుతుండో బొగ్గుబాయిల దిగుతుండో సమజైతలేదని నా దగ్గర మొత్తుకునేది.

ఇంకో అలవాటు, ఆగిన చోటల్లా ఇంజన్ బంద్ చేయడం. డీజిల్ ఆదా చేయాలని డిపో గోడకు కాగితం అంటించారు. అందరం చదివాం, చేసింది ఆయనొక్కడే. లీటరుకు ఎవరి బస్సు ఎంత దూరం పోయిందో బోర్డు మీద రాసేవాళ్లు, ఆయన పేరు ఎప్పుడూ పైనే. తోటి డ్రైవర్లు ఎక్కిరించేవాళ్లు. ఆయన లెక్క డీజిల్ కాదు, బస్సు వెనక నిలబడే బడిపిల్లలు.

"మనం ముంగట కూసుంటం, పొగ ఎన్కకు వోతది. ఎన్క ఎవలున్నరో సూడాలె గద," అనేవాడు. నాకు చేతనైన కొంచెం మంచితనం ఆ బస్సులో నేర్చుకున్నదే.

ఒక సాయంత్రం బీర్పూర్ అవతల చివరి స్టేజీలో బస్సు ఆపి, ఎప్పటిలాగే ఇంజన్ బంద్ చేశాడు. చెట్ల చాటు నుంచి దళం వచ్చింది. అందరినీ దింపారు. మూటలు కూడా తీసుకోనిచ్చారు, అబద్ధం ఎందుకు చెప్పాలి. సీట్ల మీద డీజిల్ పోస్తుంటే నేను టికెట్ల సంచి పట్టుకుని దూరం జరిగాను. కాక మాత్రం చేతులు జోడించి వాళ్లలో చిన్నవాడి దగ్గరికి పోయాడు.

"తమ్మీ, దీన్ని కాలవెడితే గీ పొగంత ఎవలు పీలుస్తరు? గీ ఊరోల్లే గద."

"సర్కార్ బస్సు గిది కాకా. దూరం జరుగు."

ఇన్నేళ్లు ఆయన ఆపిన పొగంతా ఒక్కసారే లేచినట్టయింది. టైర్లు కాలుతుంటే ఊరి ఆడవాళ్లు పిల్లల ముక్కులకు కొంగులు అడ్డం పెట్టి ఇళ్లల్లోకి పరుగెత్తారు.

అంతటితో పోలేదు. దళంతో ముందే మాట్లాడుకుని ఇంజన్ బంద్ చేశావని పోలీసులు కొట్టారు. ఇంజన్ నడుస్తుంటే బస్సును తప్పించి తీసుకొచ్చేవాడివి కదా, ఎవరు బంద్ చేయమన్నారని డిపో విచారణలో పెద్దసారు అడిగాడు. గోడ మీది కాగితం అప్పటికే చింపేశారు. దాని మీద సంతకం ఆ సారుదే. నేను ఆ మాట చెప్పాను కానీ కండక్టర్ సాక్ష్యం ఎవరిక్కావాలి? కాకైనా కాగితం సంగతి ఎత్తి ఉంటే బయటపడేవాడు. ఎత్తలేదు.

"మీరు జెప్తె చేసిన గాదు సార్. మంచిదని చేసిన," అన్నాడు.

ఆ మాటతో స్టీరింగు పోయింది. పొద్దున్నే బస్సులన్నీ స్టార్ట్ చేసి ఉంచే రేకుల షెడ్డులో వేశారు. రిటైరయ్యేదాకా ఆ పొగలోనే ఉన్నాడు. ఆయన్ను చంపింది ఆ షెడ్డే, ఏ డాక్టరు ఏమన్నా సరే.

భూమి వేడెక్కుతోందని, బండ్ల పొగ తగ్గించాలని ఇప్పుడు రోజూ పేపర్లో వస్తోంది. సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపమని పెద్ద పెద్ద బోర్డులు పెడుతున్నారు. వాటిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

బుధవారం పాడె కోరుట్ల పెద్ద రోడ్డెక్కింది. ముందు ఒక బస్సు పాసింజర్ల కోసం ఆగి ఉంది. పక్క నుంచి పోవడానికి సందు లేదు. ఇంజన్ గుర్రుమంటోంది, నల్లటి పొగ సూటిగా మా మీదికే వస్తోంది. నేను ముందుకు పోయి, జరసేపు బంద్ చెయ్యి తమ్మీ అన్నాను. కుర్ర డ్రైవర్, పాపం, మర్యాదగానే చెప్పాడు.

"బంద్ చేస్తే మల్ల లేవది సార్. సెల్ఫ్ పని చేస్తలేదు. తోసుడు వడతది. తోస్తరా?"

తిరిగి వచ్చేశాను. పాడె మోస్తున్న నలుగురికీ ముక్కు మూసుకోవడానికి చేతులు ఖాళీ లేవు. తలలు పక్కకు తిప్పుకుని నిలబడ్డారు. చిన్నమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. తల తిప్పుకోలేనిది కాక ఒక్కడే.