వద్దంటే చెప్పు

ఈనిడ్ గ్రిమ్‌షాకు ప్రశ్న అడగడం రాదు. ఇంగ్లండ్‌లోని సాల్ఫర్డ్‌లో మా ఆస్పత్రి అత్యవసర విభాగానికి ఆవిడ పెద్ద నర్సు, నేను స్ట్రెచర్లు తోసేవాణ్ణి. ఇన్నేళ్లలో ఆవిడ నోట "కావాలా?" అన్న మాట వినలేదు. "టీలో చక్కెర వేస్తున్నా, వద్దంటే చెప్పు" అనేది. నోరు తెరిచేలోపు చెంచా తిరిగిపోయేది. "నిన్ను క్రిస్మస్ పాటల బృందంలో వేశా డెజ్, వద్దంటే చెప్పు" అంది ఒకసారి. నా గొంతు విన్నాక వద్దన్నవాళ్లు చాలామందే ఉన్నారు.

మా విభాగంలో ఎవరికి రక్తం తీసినా అందులోనే హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి కూడా చూస్తారు. కావాలా అని అడగరు, వద్దన్నవాళ్లకు మానేస్తారు. ఈ పద్ధతి వచ్చిన రోజు ఈనిడ్ ఆనందం చూడాలి. "ఇన్నాళ్లకు దేశం నా దారికొచ్చింది" అంది.

ఒక మధ్యాహ్నం నేనే గుండె పట్టుకుని కూలబడ్డాను. ఈనిడ్ సూదితో ప్రత్యక్షమైంది.

"రక్తం తీస్తున్నా. అందరికీ చూసినట్టే ఆ మూడు వైరస్‌లూ నీకూ చూస్తాం. వద్దంటే చెప్పు."

"నాకెందుకు సిస్టర్? మనవల్ని ఎత్తుకున్నవాణ్ణి!"

"అది వద్దనడం కాదు, గొప్పలు చెప్పుకోవడం."

నవ్వొచ్చి కానిమ్మన్నాను.

గుండె గుండ్రాయిలా ఉంది. ముందురోజు తిన్న చిప్సే అరగలేదు. కానీ కొన్నాళ్లకు పిలుపొచ్చింది. హెపటైటిస్ సి. రెండోసారి చూసినా అదే. కుర్రతనంలో స్నేహితుడి వంటింట్లో ఎవరికో వాడిన సూదితోనే పొడిపించుకున్న పచ్చబొట్టు గుర్తొచ్చింది. మాత్రలతో నయమవుతుందని డాక్టరు చెప్పాడు. నా భయం అది కాదు. నా భార్య నోరీన్‌కు అంటించానేమో! ఆ మాట ఆమెకు ఎలా చెప్పాలని ఈనిడ్ దగ్గర మొత్తుకున్నాను.

"నీతో మీ ఇంటికొస్తున్నా" అంది ఈనిడ్. "వద్దంటే చెప్పు."

నేను చెప్పలేదు.

నోరీన్ టీ సంగతి మరిచిపోయి మొత్తం వింది. నీళ్లు మరిగి కెటిల్ దానంతటదే ఆగిపోయింది.

"ఎవతది, డెజ్?"

చొక్కా చెయ్యి పైకి లాగి పచ్చబొట్టు చూపించాను. ఫుట్‌బాల్ జట్టు పేరు, అక్షరం తప్పుతో సహా.

"ఈ తప్పుల తడకకా ఇంత శిక్ష!" అంటూ ఏడ్చేసింది.

"కోటు తొడుక్కో తల్లీ. పరీక్షకు తీసుకెళ్తున్నా. వద్దంటే చెప్పు" అంది ఈనిడ్.

ఫలితం వచ్చేదాకా మా ఇద్దరికీ ముద్ద దిగలేదు. ఫోన్ మోగితే 'నువ్వెత్తు' అన్నట్టు ఒకరినొకరు చూసుకునేవాళ్లం. చివరికి తెలిసింది, నోరీన్‌కు ఏమీ లేదు. నేను ఈనిడ్‌ను పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

"అందరిలాగా 'పరీక్ష చెయ్యనా?' అని అడగొచ్చుగా సిస్టర్?"

"అడిగాననుకో. ఏమనేవాడివో చెప్పు."

"అక్కర్లేదనేవాణ్ణి. నన్నే ఎందుకు అడుగుతున్నావని కోప్పడేవాణ్ణి కూడా."

"కావాలని చెప్పడానికి మనుషులకు సిగ్గు నాయనా. టీలో చక్కెరకైనా సరే."

మాత్రలు వాడాను, జబ్బు పోయింది. ఈనిడ్ ఉద్యోగం విరమించిన రోజు అందరం చప్పట్లు కొట్టాం. ఒంటరి మనిషి, ఖాళీ ఇంటికి వెళ్లాలి. నోరీన్ ముందుకొచ్చి ఆవిడ సంచీ లాక్కుంది.

"ఇకనుంచి ప్రతి ఆదివారం మీ భోజనం మా ఇంట్లో. వద్దంటే చెప్పండి."

ఈనిడ్ నోరు తెరిచింది, మూసింది. మళ్లీ తెరిచింది. జీవితంలో మొదటిసారి ఒక ప్రశ్న అడిగింది.

"పుడ్డింగ్ కూడా ఉంటుందా?"